చేపల్లేని కొలనులో గాలం

సంపాదకులకు నమస్కారం.

అమెరికాలో పిల్లల దగ్గరికి వచ్చిన తల్లిదండ్రులు నాలుగు గోడల మధ్య రోజులు లెక్కపెట్టుకుంటున్నారని ఈమధ్య మీ పేపర్లో రాశారు. కాదనను. శాన్‌ఫ్రాన్సిస్కోలో మా అమ్మాయి దగ్గర మొదటి నెల నాదీ అదే పరిస్థితి. పొద్దున్నే అమ్మాయి, అల్లుడు లాప్‌టాప్‌ల ముందు కూర్చుంటే మళ్ళీ మాటలు రాత్రి భోజనాల దగ్గరే. మావారికి యూట్యూబ్ ఉంది. నాకే ఏమీ తోచేది కాదు.

ఊరికే కూర్చోలేక 5 నంబరు బస్సెక్కి గోల్డెన్ గేట్ పార్కుకు వెళ్ళడం మొదలుపెట్టాను. అక్కడ బైసన్‌లనే జూలు దున్నలుంటాయి. వాటి దొడ్డికి దగ్గర్లో, రోడ్డుకు అవతల చెట్ల మధ్య మూడు పెద్ద కొలనులు. ఒకాయన గట్టున నిలబడి పొడుగాటి కర్రను వెనక్కీ ముందుకీ ఊపుతున్నాడు. దారం గాల్లో మెలిక విప్పుకుంటూ వెళ్ళి నీళ్ళ మీద తేలుతున్న రింగులో పడింది. ఎన్ని చేపలు పడ్డాయని అడిగాను. ఒక్కటీ లేదన్నాడు. అసలవి గాలం విసరడం నేర్చుకోవడానికే కట్టిన కొలనులట!

దీన్ని ఫ్లై కాస్టింగ్ అంటారు. మా కోనసీమ కాలవ గట్ల మీద పిల్లలు వెదురు కర్రకు గాలం కట్టి, ఎర్ర గుచ్చి నీళ్ళలోకి వదలడం చూశాను. అందులో విసరడానికి పెద్ద విద్య అక్కర్లేదు. ఇక్కడ ఎర అంటే ఈకలతో చేసిన ఉత్తుత్తి ఈగ. దానికి బరువుండదు కాబట్టి దారాన్నే లావుగా, బరువుగా చేస్తారు. మనం విసిరేది ఆ దారాన్ని, ఈగ దాని వెంట పోతుంది. నేర్చుకునేవాళ్ళకు ఈగ కూడా ఉండదు, కొసన ఉన్ని ముక్క కడతారు. ‘చేప వాసనకే ముక్కు మూసుకునేదానివి, నీకు గాలమేంటి?’ అని మావారి వెటకారం. చేపా లేదు, ముల్లూ లేదు, ఇంక దోషమేముంది?

నెలకో శనివారం అక్కడి క్లబ్బు వాళ్ళు ఉచితంగా నేర్పుతారు, కర్ర కూడా వాళ్ళే ఇస్తారు. నాకు నేర్పినాయన నాకంటే పెద్దవాడు. గడియారం అనుకో, వెనక 1 దగ్గర ఆపు, ముందు 10 దగ్గర ఆపు అన్నాడు. ముప్ఫై ఏళ్ళు లెక్కలు చెప్పినదాన్ని, కోణాలు నాకో లెక్కా అనుకున్నాను. మొదటి విసురుకే దారం ఛెళ్ళుమని మోగి నా భుజం మీద కుప్పగా పడింది. వెనక్కి వెళ్ళిన దారం పూర్తిగా చాపుకోకముందే ముందుకు లాగేస్తున్నానట. మా వసారాలో ఉయ్యాల బల్ల గుర్తొచ్చింది. అది ఇంకా వెనక్కి వస్తుండగానే నెడితే చెయ్యి నొప్పి తప్ప ఊపు రాదు. ఆ ఆగడం తెలిశాక కాస్త దారికొచ్చింది. మణికట్టు మాత్రం వంగుతూనే ఉందని కర్ర మొదలు నా స్వెటర్ చేతిలోకి దోపించాడు! మూడో శనివారానికి ఉన్ని ముక్క రింగు అంచుకు తగిలింది. ఇంట్లో ఎవరూ నమ్మలేదు.

ఆ కొలనులు 1930ల చివర్లో, పనుల్లేక జనం అల్లాడిన రోజుల్లో ప్రభుత్వం ఉపాధి పథకం కింద కట్టించినవి. ఇప్పటికీ ఎవరైనా వెళ్ళి విసురుకోవచ్చు. అక్కడే సాధన చేసిన మాక్సీన్ మెకార్మిక్ అనే అమ్మాయి 2016లో ఎస్టోనియాలో జరిగిన ప్రపంచ పోటీల్లో స్వర్ణం గెలిచింది. అప్పటికి ఆ పిల్లకు 12 ఏళ్ళు. నాకు 66, టెన్షన్ లేదు.

మీకు నా మనవి ఒకటే. పెద్దవాళ్ళ ఒంటరితనం గురించి రాసినప్పుడు పక్కనే ఒక చిన్న పెట్టె కట్టి, ఏ ఊళ్ళో బస్సులో వెళ్ళి ఏం నేర్చుకోవచ్చో కూడా వెయ్యండి. గుడి, మాల్ కాకుండా. ఇంగ్లీషు రాదని జంకేవాళ్ళకు ఒక మాట చెప్పండి, నాకు నేర్పినాయన సగం పాఠం చేత్తోనే చూపించాడు. సముద్రం గాలి మధ్యాహ్నానికి పెరుగుతుంది, పొద్దున్నే వెళ్ళమనండి.

వచ్చే నెల తిరిగి వస్తున్నాం. అల్లుడు తొమ్మిది అడుగుల కర్ర కొనిచ్చాడు, నాలుగు ముక్కలుగా విడదీసి పెట్టెలో పెట్టుకోవచ్చు. నీళ్ళు లేకపోయినా పచ్చిక మీద సాధన చెయ్యొచ్చట. మా వీధి చివర హైస్కూలు గ్రౌండు సాయంత్రం క్రికెట్ పిల్లలది. పొద్దున ఆరింటికి ఖాళీగానే ఉంటుంది.

– ఒక విశ్రాంత లెక్కల టీచరు, అమలాపురం
(ప్రస్తుతం శాన్‌ఫ్రాన్సిస్కో)