ఏటికి అవతల పది శాతం: ఆర్థిక మంత్రి గారికి బహిరంగ లేఖ

గౌరవనీయులైన ఆర్థిక శాఖ మంత్రి గారికి,

కోనసీమలో గోదారి పాయల మధ్య ఉన్న లంకల్లో పనిచేసే ఒక సెకండరీ గ్రేడ్ టీచరు రాసుకునేది. ఇంటద్దె భత్యం గురించి ఇది నా నాలుగో అర్జీ. మూడోదానికి జవాబొచ్చింది లెండి, ‘మీ సమస్య పరిష్కరించబడినది’ అని ఫోనుకి మెసేజ్. ఏం పరిష్కరించారో చెబితే మా ఆవిడకి చెప్పి సంతోషిస్తాను.

నా బేసిక్ 39,800. మా బడి ఉన్న ఊరి జనాభా 50 వేల లోపు కాబట్టి ఇంటద్దె భత్యం 10 శాతం, అంటే 3,980. అదే బేసిక్ మీద జిల్లా కేంద్రం అమలాపురంలో మా బ్యాచ్ వాడికి 16 శాతం, 6,368. 2022 పీఆర్సీకి, అంటే జీతాల సవరణకి ముందు పల్లెలకీ 12 ఉండేది. పెంచుతారనుకుంటే తగ్గించారు. పట్నాల వాళ్లకిచ్చే నగర భత్యం (సీసీఏ) కూడా అప్పుడే పోయింది, ఆ బాధ వాళ్లు రాసుకుంటారు.

పల్లెలో అద్దెలు తక్కువ కదా అంటారు. ఇల్లంటూ దొరికితే కదండీ! మా లంకలో ఉన్నవాళ్లకే వరదొస్తే సామాను అటకెక్కించుకునే పని. 2022 జూలైలో ధవళేశ్వరం దగ్గర 25 లక్షల క్యూసెక్కులు దాటినప్పుడు మా బడి బీరువాలో రెండో అరదాకా నీళ్లొచ్చాయి. పై అరలో పెట్టిన రిజిస్టర్లు మిగిలాయి, మధ్యాహ్న భోజనం బియ్యం ముద్దయిపోయింది. అందుకే కాపురం అమలాపురంలో. రెండు గదులకి 6,500. అద్దె టౌనుది, భత్యం లంకది.

ఇక రేవు. పొద్దున్నే బండిని పంటు, అంటే ఏరు దాటించే పెద్ద పడవ ఎక్కించాలి. మనిషికో రేటు, బండికో రేటు, పోనూ రానూ రోజుకి 60. రేవు వేలంపాట పెరిగినప్పుడల్లా అదీ పెరుగుతుంది. అడిగితే పాటదారు ‘నేనెంతకి పాడుకున్నానో తెలుసా మాస్టారూ’ అంటాడు. పంటేమో నిండేదాకా కదలదు, ఈలోగా ముఖహాజరు యాప్‌లో తొమ్మిది దాటుతుంది. నేను బడి ఆవరణలో ఉన్నానో లేదో ఆ యాప్‌కి తెలుసు. రాత్రి ఎక్కడ పడుకుంటున్నానో జీతం బిల్లుకి తెలియదు. గోదారి పెరిగి పంటు ఆపేస్తే నాటుపడవే గతి, దానికి రేటు పడవవాడు చెప్పిందే.

కోనసీమలో ఉంటూ ఖర్చులేమిటండీ అనకండి. కొబ్బరికాయలు ఊరికే వస్తాయి, నిజమే. మంచినీళ్ల టిన్ను కొనుక్కోవాలి.

రేవు దాటి వెళ్లే బడులకి జనాభా లెక్క పక్కనపెట్టి జిల్లా కేంద్రం రేటు ఇప్పించండి. కుదరదంటే ఆ పాత 12 అయినా. అదీ కాదంటే పంటు డబ్బులైనా ఇప్పించండి మహాప్రభో! 2023 జూలై నుంచి రావలసిన పీఆర్సీ ఊసు ఇందులో ఎత్తడం లేదు, అన్నీ ఒక్కసారే అడిగితే బాగుండదు.

ఈసారి ‘పరిష్కరించబడినది’ అని పెట్టే ముందు ఎవరిచేతనైనా ఒక్క ఫోను చేయించండి. సాయంత్రం ఆరు దాటాక అయితే మంచిది. అంతకుముందైతే ఏటి మధ్యలో ఉంటాను, సిగ్నల్ ఉండదు.

ఇట్లు,
ఒక లంక బడి మాస్టారు