స్ట్రాబెర్రీ రకాల ఎంపికకు డీఎన్‌ఏ పరీక్ష

సంపాదకులకు నమస్కారం.

పంటల్లో జీవసాంకేతికత అనగానే మన చర్చ బీటీ పత్తి దగ్గరే ఆగిపోతోంది. పరాయి జన్యువును చొప్పించకుండా, మామూలు సంకరణంతోనే కొత్త రకాలు తయారుచేస్తూ, ఏ మొక్కను ఉంచాలో తేల్చుకోవడానికి మాత్రమే డీఎన్‌ఏ పరీక్షను వాడుకునే పద్ధతి ఒకటుంది. కాలిఫోర్నియా స్ట్రాబెర్రీ తోటల్లో అది ఫలితమిచ్చింది.

అక్కడ దశాబ్దాల పాటు నాట్లకు ముందు నేలను మిథైల్ బ్రోమైడ్ అనే విషవాయువుతో శుద్ధి చేసేవారు. అది ఓజోన్ పొరను దెబ్బతీస్తుందని మాంట్రియల్ ఒప్పందం కింద నిషేధించగా, స్ట్రాబెర్రీ పొలాలకిచ్చిన మినహాయింపు కూడా 2016తో ముగిసింది. ఆ వాడకం తగ్గేకొద్దీ, నేలలోని ఫ్యుజేరియం శిలీంధ్రం వల్ల వచ్చే ఎండు తెగులు పెరిగింది. ఈ తెగులు సోకితే ముందు పాత ఆకులు వాడి వాలిపోతాయి. మొక్క మొదలును నిలువునా చీల్చి చూస్తే లోపల గోధుమరంగుకు తిరిగి ఉంటుంది. శిలీంధ్రం ఏళ్ల తరబడి నేలలోనే ఉండిపోతుంది, సోకిన మొక్కను మందుతో నయం చేయలేం కనుక తట్టుకునే రకమే రైతుకు దిక్కు.

డేవిస్‌లోని కాలిఫోర్నియా విశ్వవిద్యాలయ శాస్త్రవేత్తలు ఈ తెగులును ఎదుర్కొనే ఎఫ్‌డబ్ల్యూ1 జన్యువును గుర్తించి 2018లో ప్రకటించారు. తోట స్ట్రాబెర్రీలో ఒకదాన్నొకటి పోలిన క్రోమోజోములు ఎనిమిదేసి చొప్పున మొత్తం 56 ఉండటంతో, ఏ జన్యువు ఎక్కడుందో పోల్చుకోవడం చాలాకాలం కష్టమైంది. 2019లో కామరోసా రకం జన్యుపటం వెలువడ్డాక ఆ చిక్కు చాలావరకు వీడింది. ఇప్పుడు నారు దశలోనే గోరంత ఆకు ముక్క తీసి పరీక్షిస్తే, ఆ జన్యువు లేని మొక్కలను పొలానికి చేరకముందే ఏరివేయవచ్చు. 2023లో ఆ విశ్వవిద్యాలయం ఈ తెగులును తట్టుకునే ఐదు రకాలను విడుదల చేసింది. అయితే ఎఫ్‌డబ్ల్యూ1కు లొంగని శిలీంధ్రపు తెగ కూడా అక్కడే బయటపడింది కాబట్టి ఒక్క జన్యువు మీదే భారం వేయడం ప్రమాదం. రెండు మూడింటిని ఒకే మొక్కలో కూర్చాలన్నా ఈ పరీక్షే ఆధారం.

మహారాష్ట్రలోని మహాబలేశ్వరం రైతులు నాటే కామరోసా, స్వీట్ చార్లీ, వింటర్ డాన్ వంటివి అమెరికాలో పుట్టిన రకాలే. మన లంబసింగి, చింతపల్లి ప్రాంతాల్లోనూ ఈ పంట వేస్తున్నారు. పసిఫిక్ తీరపు వాతావరణంలో ఎంపికైన మొక్క మన మన్యపు నేలకూ వానకూ అంతే బాగా సరిపోతుందనుకోలేం. అందువల్ల వెంకటరామన్నగూడెంలోని ఉద్యాన విశ్వవిద్యాలయం చింతపల్లి పరిసరాల్లోనే సంకరణాలు చేపట్టి, డీఎన్‌ఏ పరీక్షతో ఎంపిక చేసిన మొక్కలను గిరిజన రైతుల పొలాల్లోనే నిగ్గుతేల్చాలనీ, అందుకు రాష్ట్ర ప్రభుత్వం ఏటేటా నిలకడగా నిధులివ్వాలనీ కోరుతున్నాను.

— ఒక ఉద్యాన పట్టభద్రుడు, విశాఖపట్నం