నానో పరీక్షకు ముందు ఉప్పు పరీక్ష

మూత్రంలో అల్బుమిన్ అనే ప్రొటీన్ ఉంటే రంగు మారే బంగారు నానోకణాల (అతి సూక్ష్మ కణాల) పరీక్షను పల్లె శిబిరాల్లోకి తెచ్చేముందు మన ఎండాకాలపు మూత్రంతో సరిచూడాలి. సుమారు 20 నానోమీటర్ల బంగారు కణాలు విడివిడిగా ఉంటే ద్రవం ఎర్రగా ఉంటుంది, వెతికే పదార్థం వాటిని గుంపుకడితే నీలమవుతుంది. చిక్కేమిటంటే, కణాలపై పూత గట్టిగా లేకపోతే మూత్రంలోని ఉప్పు ఒక్కటే ఆ పని చేసేస్తుంది. మే నెలలో శ్రీకాళహస్తి, చిత్తూరు వైపు పొలం పనివారి మూత్రం చిక్కగా వస్తుంది. కిడ్నీ జబ్బు లేకున్నా నీలం కనబడవచ్చు. ఇప్పుడు మూత్రంలో ముంచి చూసే మామూలు పట్టీలకే జాగ్రత్త లేదు: డబ్బా మూత తెరిచే ఉంచుతారు, తేమకు ప్యాడ్లు పాడవుతాయి, 60 సెకన్లకు చూడాల్సిన ప్రొటీన్ రంగును అందరివీ ముంచాక తీరిగ్గా చూస్తారు. పైగా మధుమేహులకు అసలు కావాల్సిన తొలిదశ అల్బుమిన్, అంటే మూత్రంలో పోయే క్రియాటినిన్ అనే వ్యర్థం గ్రాముకు 30 మిల్లీగ్రాములు దాటినది, వాటికి తరచూ అందదు. అందుకే కొత్త పరీక్ష మీద ఆశ ఉంది. కానీ ప్రతి కొత్త పట్టీపై అల్బుమిన్‌ను పట్టుకోని కంట్రోల్ చుక్క ఒకటి ఉండాలి. అదీ నీలమైతే ఫలితం చెల్లదని రాసి నమూనాను ల్యాబ్‌కు పంపాలి. కొనుగోలుకు ముందు జిల్లా వైద్యాధికారులు వేసవి నమూనాలను రెండు గంటల్లోపు పరీక్షించి, ల్యాబ్‌లో తీసిన అల్బుమిన్-క్రియాటినిన్ నిష్పత్తితో పోల్చి చూడాలి.

— ఒక ల్యాబ్ టెక్నీషియన్, తిరుపతి