ఇటుకల నేలే అసలు దొరికిన వస్తువు

సంపాదకుడు గారికి,

పాత బంగళా పక్కన పైపు కోసమో పునాది కోసమో తవ్వుతుంటే ఇటుకలు పరిచిన నేల బయటపడిందని అప్పుడప్పుడూ వార్తలు వస్తుంటాయి. ‘విలువైన వస్తువులేవీ దొరకలేదు’ అన్న మాటతో అవి ముగిసినప్పుడల్లా నాకు బాధ కలుగుతుంది. ఆ నేల దొరికింది కదా!

ఇటుకను ఊడదీసి చేతిలో పట్టుకుంటే తెలిసేది కొంతే. ఇంగ్లండులో 1784లో ఇటుకల లెక్కన పన్ను వేస్తే, తయారీదారులు సైజు పెంచి పన్ను తగ్గించుకున్నారు. 1850లో పన్ను తీసేశారు. అక్కడి ఇటుకల కాలం అంచనా వేయడానికి సైజు కూడా పనికొస్తుంది. థర్మోల్యూమినిసెన్స్ పరీక్ష ఇటుక ఎప్పుడు కాలిందో చెబుతుంది, ఎప్పుడు పరిచారో చెప్పదు. పాత గోడ కూలగొట్టి ఆ ఇటుకలతోనే నేల వేసుకోవడం మామూలే. ఆ సంగతి తేలాలంటే నేల కింది మట్టినే అడగాలి. ఇటుకల కింద కదలని మట్టిలో నాణెం దొరికితే, నేల ఆ నాణెం కన్నా పాతది కాదు. అరిగిన వరుస నడక దారిని, వాలు నీళ్లు పోయిన వైపును చూపిస్తాయి. గునపం వేసి పెకలిస్తే ఇవన్నీ పోతాయి, మళ్లీ పేర్చినా తిరిగి రావు.

హరప్పాలో ఏం జరిగిందో మనకు తెలుసు. 1850లలో లాహోర్-ముల్తాన్ రైలు మార్గానికి అక్కడి దిబ్బల ఇటుకలను తవ్వి తీసుకుపోయారు. 1921లో తవ్వకాలు మొదలయ్యేసరికే చాలా నష్టం జరిగిపోయింది. ఇంగ్లండులోని ఫిష్‌బోర్న్‌లో మాత్రం 1960లో నీటి పైపు కందకం తవ్వుతుంటే పాత కట్టడం ఆనవాళ్లు కనబడ్డాయి. మరుసటి ఏడాది నుంచి పద్ధతిగా తవ్వితే రోమన్ల కాలం నాటి పెద్ద భవనమే బయటపడింది.

ఇలాంటి నేల బయటపడినా జనం ఎవరికీ చెప్పకుండా దాచిపెట్టడానికి కారణం దురాశ ఒక్కటే కాదు. కబురు చేస్తే పని ఆగిపోతుంది, స్థలం పోతుంది అన్న టెన్షన్ ఎక్కువ. పురావస్తు అధికారులు కొద్ది రోజుల్లోనే వచ్చి, ఫొటోలు, కొలతలు తీసుకుని, పైపును కాస్త పక్కకు మళ్లించే దారి చెబితే ఆ భయం తగ్గుతుంది. ప్రతిదాన్నీ తవ్వి తీయక్కర్లేదు. ఇసుక, మట్టి కప్పి మళ్లీ పూడ్చేస్తే వానకీ ఎండకీ పాడవకుండా ఉంటుంది.

ఇకపై ఇలాంటి వార్త వేసేటప్పుడు ఇటుక కొలతలు, పరిచిన తీరు, ఎంత లోతులో ఉన్నాయో కూడా రాయమని మీ విలేకరులకు చెప్పండి.

- ఒక పాఠకుడు