వేర్వేరు క్లాకుల మధ్య డేటా ప్రవాహాన్ని ముందే లెక్కగట్టాలి

సంపాదకుల వారికి నమస్కారం.

చిప్‌ల గురించి పత్రికల్లో మునుపటికన్నా ఎక్కువగా రాస్తున్నారు. డిజిటల్ సర్క్యూట్ల రూపకల్పనే వృత్తిగా ఉన్న నాకు అది సంతోషం కలిగించే విషయం. అయితే ఆ రాతల్లో చిప్ గొప్పతనాన్ని తేల్చే కొలతలు రెండే కనిపిస్తున్నాయి: ట్రాన్సిస్టర్ ఎంత చిన్నది, క్లాక్ (సర్క్యూట్‌ను అడుగడుగునా నడిపించే తాళం లాంటి సిగ్నల్) ఎంత వేగవంతమైనది. నిజానికి నేటి చిప్‌లో ఉండేది ఒక్క క్లాక్ కాదు, చాలాసార్లు పదుల సంఖ్యలో క్లాకులు ఉంటాయి. ఒక క్లాక్‌తో నడిచే సర్క్యూట్ నుంచి మరో క్లాక్‌తో నడిచే సర్క్యూట్‌లోకి డేటా దాటే చోటే చిప్ నమ్మదగినదో కాదో తేలిపోతుంది. ఆ దాటే చోటును డిజైన్ తొలిదశలోనే లెక్కగట్టాలనీ, తర్వాత పరీక్షల్లో చూసుకోవచ్చునని వదిలేయకూడదనీ చెప్పడానికే ఈ ఉత్తరం రాస్తున్నాను.

అన్నిటినీ ఒకే క్లాక్‌తో నడపవచ్చు కదా అని పాఠకులు అడగవచ్చు. అది సాధ్యం కాదు, ఎందుకంటే ఒక్కో పనికి దాని వేగాన్ని బయటి ప్రపంచమే నిర్ణయిస్తుంది. సెకనుకు 60 ఫ్రేముల 1080పి వీడియోకు 148.5 మెగాహెర్ట్జ్ పిక్సెల్ క్లాక్ కావాలి. 48 కిలోహెర్ట్జ్ ఆడియోకు సాధారణంగా 12.288 మెగాహెర్ట్జ్ క్లాక్ వాడతారు. ప్రాసెసర్ మాత్రం విద్యుత్తు ఆదా కోసం తన వేగాన్ని తానే పెంచుకుంటూ తగ్గించుకుంటూ ఉంటుంది. అంతెందుకు, ఒకే వేగం రాసి ఉన్న, క్లాక్‌ను పుట్టించే రెండు క్రిస్టళ్లు కూడా సరిగ్గా సమానంగా నడవవు. గిగాబిట్ ఈథర్‌నెట్‌లో 125 మెగాహెర్ట్జ్ క్లాక్‌కు పది లక్షలకు 100 వంతుల తేడాను అటూ ఇటూ అనుమతిస్తారు. ఒక కొసన ఉన్న క్లాక్ అంత ఎక్కువగా, మరో కొసన ఉన్నది అంత తక్కువగా నడిస్తే ప్రతి 5,000 క్లాక్ అడుగులకు, అంటే 40 మైక్రోసెకన్లకోసారి, ఒకటి మరొకదానికన్నా ఒక పూర్తి అడుగు ముందుకు పోతుంది.

ఈ సరిహద్దులో ఉన్న సమస్యలు రెండు. దాటివచ్చే ప్రతి బిట్‌నూ తప్పులేకుండా పట్టుకోవడం ఒకటి, వచ్చే ప్రవాహం తీసుకునేవాడి శక్తిని మించకుండా చూడటం మరొకటి. మొదటిదానికి పరిష్కారం చూపి రెండోదీ తీరిపోయిందనుకోవడం నేను తరచుగా చూసే పొరపాటు.

మొదటి సమస్య పేరు మెటాస్టబిలిటీ. ఒక్క బిట్‌ను పట్టి ఉంచుకునే చిన్న సర్క్యూట్ అయిన ఫ్లిప్‌ఫ్లాప్, తన క్లాక్ అంచు (సిగ్నల్ మారే చోటు) వచ్చే క్షణానికి కాస్త ముందూ కాస్త తర్వాతా ఇన్‌పుట్ కదలకుండా ఉండాలని కోరుతుంది. ఇన్‌పుట్ వేరే క్లాక్ నుంచి వస్తున్నప్పుడు ఆ హామీ ఎవరూ ఇవ్వలేరు. సరిగ్గా ఆ క్షణంలోనే ఇన్‌పుట్ మారితే ఫ్లిప్‌ఫ్లాప్ సున్నాకూ ఒకటికీ మధ్య నిలిచి, చివరికి ఎటు ఒరుగుతుందో, ఎంతసేపటికి ఒరుగుతుందో ముందుగా చెప్పలేని స్థితిలో పడుతుంది. సెయింట్ లూయిస్‌లోని వాషింగ్టన్ యూనివర్సిటీకి చెందిన థామస్ చేనీ, చార్లెస్ మోల్నార్ 1973లో ప్రచురించిన పరిశోధన పత్రం ఈ స్థితిని కొలతలతో చూపించింది. ఆ ప్రమాదాన్ని పూర్తిగా తొలగించే సర్క్యూట్ లేదు. దాన్ని అత్యంత అరుదుగా మార్చడం మాత్రమే మన చేతిలో ఉంది. వరుసగా రెండు ఫ్లిప్‌ఫ్లాప్‌లు పెట్టే మామూలు సింక్రనైజర్ చేసేది అదే: మొదటి ఫ్లిప్‌ఫ్లాప్ తేరుకోవడానికి ఒక క్లాక్ గడువు ఇస్తుంది. ఆ గడువు విలువ ఎంతో ఒక ఉదాహరణతో చెబుతాను. ఫ్లిప్‌ఫ్లాప్ తేరుకునే వేగాన్ని తెలిపే కాల స్థిరాంకం 100 పికోసెకన్లు అనుకుందాం. మరో రెండు నానోసెకన్ల గడువు ఇస్తే, ఒక వైఫల్యానికీ మరో వైఫల్యానికీ మధ్య సగటు కాలం 48 కోట్ల రెట్లకు పైగా పెరుగుతుంది. ఆ సంబంధం ఘాతీయమైనది కాబట్టే ఒక్క అదనపు ఫ్లిప్‌ఫ్లాప్ అంత పెద్ద మేలు చేస్తుంది, అదే కారణంగా గడువులో కాస్త కోత కూడా అంతే పెద్ద కీడు చేస్తుంది.

కానీ ఈ రెండు ఫ్లిప్‌ఫ్లాప్‌ల మందు ఒక్క బిట్‌కే పనిచేస్తుంది. నాలుగు బిట్ల కౌంటర్ 7 నుంచి 8కి మారేటప్పుడు 0111 కాస్తా 1000 అవుతుంది, నాలుగు బిట్లూ ఒక్కసారే మారతాయి. ప్రతి బిట్‌కూ విడిగా సింక్రనైజర్ పెట్టినా, కొన్ని బిట్లు పాత విలువతో, కొన్ని కొత్త విలువతో పట్టుబడి, అవతలివైపు 0 నుంచి 15 వరకు ఏ సంఖ్యైనా ఒక క్లాక్ పాటు కనిపించవచ్చు. ప్రతి బిట్ విడివిడిగా చూస్తే సక్రమమే, సంఖ్య మాత్రం ఎన్నడూ లేనిది. ఇందుకు విరుగుడు బెల్ ల్యాబ్స్‌లో పనిచేసిన ఫ్రాంక్ గ్రే పేరుతో పిలిచే గ్రే కోడ్. ఆయనకు దానిపై 1953లో పేటెంట్ లభించింది. అందులో 7 అంటే 0100, 8 అంటే 1100. పక్కపక్క సంఖ్యల మధ్య ఒక్క బిట్ మాత్రమే మారుతుంది. కాబట్టి సరిహద్దులో ఏ క్షణాన పట్టుకున్నా దొరికేది పాత సంఖ్య లేదా కొత్త సంఖ్య, మూడోది ఉండదు.

వేగంగా నడిచే సర్క్యూట్ నెమ్మదైన సర్క్యూట్‌కు పంపే చిన్న పల్స్‌కు కూడా ఆ రెండు ఫ్లిప్‌ఫ్లాప్‌ల మందు చాలదు. 200 మెగాహెర్ట్జ్ క్లాక్‌లో ఒక అడుగు పాటు ఉండే పల్స్ వెడల్పు 5 నానోసెకన్లు, 50 మెగాహెర్ట్జ్ క్లాక్ కళ్లు తెరిచేది 20 నానోసెకన్లకోసారి. ఆ పల్స్ వచ్చి పోయినట్టు అవతలివైపు చాలాసార్లు తెలియనే తెలియదు. అటువంటి చోట పల్స్‌కు బదులు స్థాయిని మార్చి, అందినట్టు అవతలి నుంచి జవాబు వచ్చేదాకా అలాగే నిలిపి ఉంచే హ్యాండ్‌షేక్ పద్ధతి కావాలి. అది భద్రమైనదే గాని రెండువైపులా చాలా క్లాక్ అడుగులు ఖర్చవుతాయి. అప్పుడప్పుడు మారే సెట్టింగ్ రిజిస్టర్లకు అది చాలు, ఎడతెగని ప్రవాహానికి చాలదు.

ప్రవాహానికి కావలసింది రెండు క్లాకుల ఫిఫో, అంటే ముందు వచ్చినది ముందే బయటికి వెళ్లే వరుస నిల్వ. ఒకవైపు ఒక క్లాక్‌తో రాస్తారు, మరోవైపు మరో క్లాక్‌తో చదువుతారు. రాసిన చోటును, చదివిన చోటును సూచించే పాయింటర్లను గ్రే కోడ్‌లో సరిహద్దు దాటిస్తారు. డిజిటల్ రూపకల్పనలో నాకు అత్యంత అందంగా తోచే ఆలోచన ఇక్కడే ఉంది. దాటివచ్చిన పాయింటర్ ఎప్పుడూ కాస్త పాతదే. రాసేవైపుకు అవతలివారు చదివిన సంగతి ఆలస్యంగా తెలుస్తుంది కాబట్టి ఫిఫో ఉన్నదానికన్నా ఎక్కువ నిండినట్టు కనిపిస్తుంది. చదివేవైపుకు రాసిన సంగతి ఆలస్యంగా తెలుస్తుంది కాబట్టి ఉన్నదానికన్నా ఎక్కువ ఖాళీగా కనిపిస్తుంది. రెండు పొరపాట్లూ భద్రతవైపే మొగ్గుతాయి. నిండిన ఫిఫోలో రాయడం గానీ, ఖాళీ ఫిఫో నుంచి చదవడం గానీ జరగదు. ఆలస్యానికి మూల్యం కొద్దిపాటి వేగమే, డేటా కాదు.

ప్రవాహం తీసుకునేవాడి శక్తిని మించడమనే రెండో సమస్య ఇక్కడే ఎదురవుతుంది. ఫిఫో ఎంత లోతుగా ఉండాలన్న ప్రశ్నకు చాలామంది అలవాటు చొప్పున ఒక సంఖ్య వేస్తారు. 200 మెగాహెర్ట్జ్‌లో ఏకబిగిన 120 వర్డ్‌లు (వర్డ్ అంటే ఒకేసారి దాటే బిట్ల కట్ట) రాసే సర్క్యూట్, 150 మెగాహెర్ట్జ్‌లో చదివే సర్క్యూట్ ఉన్నాయనుకుందాం. రాయడానికి 600 నానోసెకన్లు పడుతుంది, ఆ కాలంలో 90 వర్డ్‌లు చదవగలరు, 30 మిగులుతాయి. 32 సరిపోతుందనిపిస్తుంది. కానీ మొదటి వర్డ్ వచ్చినట్టు చదివేవైపుకు తెలియడానికే మూడు క్లాక్ అడుగులు, అంటే 20 నానోసెకన్లు పడితే, ఆ మేరకు మరో మూడు వర్డ్‌లు పేరుకుని లెక్క 33కు చేరుతుంది. పంపేవాణ్ని ఆపే వీలు లేకపోతే ఒక వర్డ్ పోయినట్టే. గ్రే కోడ్ పాయింటర్లతో లోతును సాధారణంగా రెండు యొక్క ఘాతాల్లో (16, 32, 64 ఇలా) తీసుకుంటారు కాబట్టి ఇక్కడ 64 పెట్టాలి. ఆ తర్వాత మరుసటి విడత మొదలయ్యేలోపు ఫిఫో ఖాళీ అవుతుందా అన్నదీ చూడాలి. పోసే నీరు తోడే నీటికన్నా సగటున ఎక్కువైతే తొట్టి ఎంత పెద్దదైనా పొంగుతుంది. లోతు పెంచడం వల్ల ప్రమాదం వాయిదా పడుతుందే తప్ప తొలగదు.

అందుకే "ఆగు" అని వెనక్కు చెప్పే సిగ్నల్, మా భాషలో బ్యాక్‌ప్రెషర్, ఫిఫో అంత ముఖ్యమైనది. ఆ మాట అందే లోపు పంపేవాడు ఇంకా కొంత పంపుతూనే ఉంటాడు కాబట్టి పూర్తిగా నిండాక కాదు, నిండబోతున్నప్పుడే చెప్పాలి. 16550 అనే పాత సీరియల్ పోర్ట్ చిప్ దీనికి మంచి పాఠం. దానిలో 16 బైట్ల ఫిఫో ఉంది. 14 బైట్లు చేరాక ప్రాసెసర్‌ను పిలిచేలా అమర్చుకోవచ్చు. సెకనుకు 1,15,200 బిట్ల వేగంలో ఒక్కో బైట్‌కు దాదాపు 87 మైక్రోసెకన్లు పడుతుంది. మిగిలిన చోటు రెండు బైట్లే. ఆ కాస్త వ్యవధిలో ప్రాసెసర్ రాలేకపోతే, ఆపమని చెప్పే ఆర్‌టీఎస్ తీగ కూడా లేకపోతే, డేటా పోతుంది. పిలిచే స్థాయిని 8కి దించితే గడువు పెరుగుతుంది, కానీ పిలుపులూ పెరుగుతాయి. ఇలాంటి బేరసారాలు లెక్కతోనే తేలాలి.

పంపేవాణ్ని బిట్ల స్థాయిలో ఆపడం కుదరని సందర్భాలూ ఉన్నాయి. కంప్యూటర్‌లో ప్రాసెసర్‌ను ఇతర కార్డులతో కలిపే పీసీఐ ఎక్స్‌ప్రెస్ లింకులో రెండు కొసల క్లాకులకు పది లక్షలకు 300 వంతుల తేడాను చెరో దిక్కుకూ అనుమతిస్తారు; రెండూ కలిస్తే 600, అంటే సుమారు 1,666 అడుగులకొకసారి ఒక అడుగు జారుతుంది. అందుకే దాని తొలి రెండు తరాల్లో, 1,538 సింబల్ (లింకు మీద పంపే ఒక్కో బిట్ల గుంపు) కాలాలు మించకముందే తీసివేయదగిన పూరక సింబల్స్‌ను పంపడం తప్పనిసరి చేశారు. అందుకునేవైపు సాగే బఫర్ వాటిని తగ్గించుకునో పెంచుకునో తేడాను సర్దుకుంటుంది. 1,666 కన్నా 1,538 తక్కువగా ఉండటం యాదృచ్ఛికం కాదు, ఆ ప్రమాణాన్ని రాసినవారు ముందే లెక్కగట్టారు. ఆడియోలో ఇలా తీసేయడానికి పూరకాలు ఉండవు. ఒక్క నమూనా తగ్గినా పెరిగినా చెవికి టిక్కుమని వినిపిస్తుంది. అందుకే యూఎస్‌బీ ఆడియోలోని ఒక పద్ధతిలో, పరికరం తాను ఎంత వేగంగా నమూనాలు వినియోగిస్తున్నదో కంప్యూటర్‌కు ఎప్పటికప్పుడు చెబుతూ పంపే వేగాన్నే దిద్దిస్తుంది.

ఇక పరీక్షల సంగతి. సర్క్యూట్‌ను కంప్యూటర్‌లో అనుకరించి చూసే మామూలు సిమ్యులేషన్‌లో ఫ్లిప్‌ఫ్లాప్ అంటే సున్నా లేదా ఒకటి. అందులో మెటాస్టబిలిటీ అనేదే లేదు, బిట్ల మధ్య ఆలస్యాల తేడా కూడా సాధారణంగా కనిపించదు. సిగ్నళ్లు గడువులోగా చేరతాయో లేదో చూసే టైమింగ్ విశ్లేషణలో సరిహద్దు దాటే ఈ దారులను పట్టించుకోవద్దని డిజైనరే సాఫ్ట్‌వేర్‌కు చెబుతాడు, ఎందుకంటే ఒకదానితో ఒకటి సంబంధం లేని రెండు క్లాకుల మధ్య గడువు అనేదానికి అర్థం లేదు. ఆ మినహాయింపుతోపాటే గ్రే కోడ్ బిట్ల మధ్య ఆలస్యం తేడా ఎంత మించకూడదన్న పరిమితి కూడా మాయమవుతుంది. ఒక బిట్ బాగా వెనకబడితే గ్రే కోడ్ ఇచ్చిన రక్షణ పోతుంది. కాబట్టి మినహాయింపు ఇచ్చిన చోట గరిష్ఠ ఆలస్యం పరిమితిని విడిగా రాయాలి. ప్రోటోటైప్ బోర్డు మీద కొన్ని రోజులు నడిచిందన్నది కూడా సాక్ష్యం కాదు. నెలకోసారి వచ్చే వైఫల్యం ఆ రోజుల్లో రాకపోవచ్చు, లక్ష పరికరాలు అమ్మాక మాత్రం ప్రతి రోజూ ఎక్కడో ఒకచోట వస్తుంది.

సరిహద్దులను సర్క్యూట్ నిర్మాణం చూసి పట్టుకునే తనిఖీ సాఫ్ట్‌వేర్లు ఉన్నాయి, వాటిని తప్పక వాడాలి. కానీ అవి పెద్ద చిప్‌కు వేలకొద్దీ హెచ్చరికలు ఇస్తాయి. గడువు ముంచుకొచ్చినప్పుడు వాటిని గుంపులుగా "ఫరవాలేదు" అని కొట్టేయడం ఈ వృత్తిలో నన్ను అన్నిటికన్నా ఎక్కువగా బాధించే అలవాటు. కొట్టేసిన ప్రతి హెచ్చరిక పక్కన ఎందుకు ఫరవాలేదో ఒక వాక్యమైనా రాయాలి. ఆ వాక్యం రాయలేకపోతే ఆ హెచ్చరిక నిజమని అనుమానించాలి.

ఇంజినీరింగ్ అధ్యాపకులకు నా విన్నపం: విద్యార్థులు ప్రయోగశాలలో చేసే సర్క్యూట్లలో ఎక్కువభాగం ఒకే క్లాక్‌తో నడుస్తాయి. కనీసం ఒక ప్రయోగంలోనైనా రెండు వేర్వేరు క్రిస్టళ్లు ఇచ్చి, వాటి మధ్య కౌంటర్ విలువను ముందు బైనరీలో, తర్వాత గ్రే కోడ్‌లో దాటించి, ఎన్ని తప్పులు వచ్చాయో లెక్కపెట్టమనండి. బైనరీలో తప్పులు కళ్లముందే వస్తాయి. దానికి పెద్ద పరికరాలేమీ అక్కరలేదు.

పాత బ్లాకులను (ముందే తయారైన సర్క్యూట్ భాగాలను) కొత్త చిప్‌లలో తిరిగి వాడే సంస్థలకు మరొక మాట. ఫ్లిప్‌ఫ్లాప్ తేరుకునే వేగం వోల్టేజీ తగ్గినకొద్దీ మందగిస్తుంది. విద్యుత్తు ఆదా కోసం వోల్టేజీ దించినప్పుడు, క్లాక్ వేగం పెంచినప్పుడు, ఒకప్పుడు రెండు ఫ్లిప్‌ఫ్లాప్‌లతో నిశ్చింతగా నడిచిన సింక్రనైజర్‌కు మూడు కావలసి రావచ్చు. అటువంటి బ్లాకు ప్రతి ఒక్కదాని వెంట అది ఏ వోల్టేజీకి, ఏ క్లాకుల జంటకు లెక్కగట్టబడిందో రాసిన పత్రం ఉండాలి, అందులో ఏ ఒక్క సంఖ్య మారినా లెక్క మళ్లీ చేయాలి.

భవదీయుడు,
డిజిటల్ సర్క్యూట్ల రూపకల్పనలో పనిచేస్తున్న ఒక ఇంజినీరు