పది మీద పదకొండు

ఎడిటర్ గారికి,

నమస్కారం. పోయిన వారం మీ పేపర్లో విద్యార్థుల పేజీలో ఎనిమిదో తరగతి ఘాతాంకాల (పవర్ల) మీద బిట్లు ఇచ్చారు. అందులో ఒకటి: సూర్యుడికీ భూమికీ మధ్య దూరం 1.5 × 1011 మీటర్లు, కాంతి వేగం సెకనుకు 3 × 108 మీటర్లు, వెలుగు మన దగ్గరికి రావడానికి ఎంతసేపు పడుతుంది? మా ట్యూషన్‌కి వచ్చే ఒక అమ్మాయి ఆ ముక్క కత్తిరించి నోట్సులో అంటించుకుని, కిందే లెక్క చేసుకొచ్చింది. ఒకటిన్నరని 1011తో గుణిస్తే 1516.5, మూడుని 108తో గుణిస్తే 324, భాగిస్తే 4.68. "ఐదు సెకన్లు కూడా పట్టదా సార్?" అని అడిగింది. ఆ పిల్ల చేసిన లెక్కలో ఒక్క తప్పు లేదు, నాకు చాలా బాధేసింది.

పది నెత్తిన చిన్నగా ఉండాల్సిన 11, 8 రెండూ కిందికి దిగి పక్కన కూర్చున్నాయి. ఎక్కడి నుంచో తెచ్చి పేజీలో అతికించేటప్పుడు ఇలా జరుగుతుందని తెలుసు, నేను ప్రశ్నపత్రం టైప్ చేయించినప్పుడల్లా డీటీపీ సెంటర్‌లో పక్కనే కూర్చుని ఒక్కొక్కటీ పైకి ఎక్కించుకుంటాను. కానీ పేపర్లో వచ్చిందంటే పిల్లలు నమ్ముతారండీ. అసలు లెక్క ఎంతుందని? 1.5ని 3తో భాగిస్తే 0.5, పవర్లలో 11లోంచి 8 తీస్తే 3, అంటే 0.5 × 10³, 500 సెకన్లు. ఎనిమిది నిమిషాల ఇరవై సెకన్లు. ప్రామాణిక రూపంలో, అంటే ముందున్న సంఖ్య 1 నుంచి 10 లోపు ఉండేలా, 5 × 10² అని రాయాలి. 0.5ని పది రెట్లు చేసి 5 అన్నాం కాబట్టి పవర్‌లో ఒకటి తగ్గుతుంది, ఇక్కడే చాలామంది తగ్గించాల్సింది పెంచేస్తారు.

ఇంకో బిట్‌లో భూమి, చంద్రుడి ద్రవ్యరాశులు కలపమన్నారు. 5.97 × 10²⁴ కిలోలు, 7.35 × 10²² కిలోలు. (ఇవి కూడా 1024, 1022 అనే పడ్డాయి.) జవాబు ఇచ్చారు గానీ ఎలా వచ్చిందో ఒక్క వాక్యం లేదు. పవర్లు సరిగ్గా వేసి ఇచ్చినా పిల్లలు 5.97, 7.35 కలిపి 13.32, పైన 24, 22 కలిపి 46 రాసేస్తారు, గుణకారంలో కలుపుతాం కదా అని. నేను వాళ్లని ఒకటే అడుగుతాను: మూడు కోట్లకి ఐదు లక్షలు కలిపితే ఎంత? ఎనిమిది అని ఒక్కరు కూడా అనరు. కోటి అంటే 10⁷, లక్ష అంటే 10⁵, మూడు కోట్లని మూడు వందల లక్షలు చేసుకుంటే 305 లక్షలు. అక్కడ 7కీ 5కీ తేడా రెండు, 24కీ 22కీ తేడా కూడా ఆ రెండే. 5.97 × 10²⁴ని 597 × 10²² చేసుకుని 7.35 కలిపితే 604.35 × 10²², తిరిగి మారిస్తే 6.0435 × 10²⁴. మీ మొదటి పేజీలో బడ్జెట్ వార్తల్లో కనిపించే "లక్ష కోట్లు" చూపిస్తే గుణకారం కూడా వచ్చేస్తుంది, ఐదూ ఏడూ కలిపితే పన్నెండు, అంటే 10¹². మన ఇళ్లలో రోజూ వినపడే మాటల్లోనే ఇదంతా ఉంది, పిల్లలకి ఎవరో ఒకరు కలిపి చూపించాలి.

దయచేసి ఆ బిట్లు మళ్లీ సరిగ్గా వేయండి. పేజీలో చిన్న అంకె పైకి ఎక్కించడం కుదరకపోతే "10 పవర్ 11" అని మాటల్లో రాసినా చాలు. పేజీ ప్రింటుకి వెళ్లేముందు లెక్కలు తెలిసిన ఒక్కరి చేత చూపించండి. సవరణ వేసిన రోజు ఆ ముక్క కత్తిరించి ఆ అమ్మాయి నోట్సులో పాతదాని పక్కనే అంటిస్తాను.

ఇట్లు,
ఒక లెక్కల ట్యూషన్ మాస్టారు,
తణుకు