మధ్యాహ్నం పన్నెండున్నరకి ఒక్కసారి వెళ్ళి చూడండి: మహిళా శిశు సంక్షేమ శాఖ మంత్రి గారికి బహిరంగ లేఖ

గౌరవనీయులైన తెలంగాణ మహిళా, శిశు సంక్షేమ శాఖ మంత్రి గారికి,

నమస్కారం. ఈ విషయం మీద నేను రాస్తున్న ఐదో కాగితం ఇది. మొదటి నాలుగూ అర్జీలు. రెండింటికి రసీదులున్నాయి. ఒకదానికి "మీ అర్జీ సంబంధిత శాఖకు పంపబడింది" అని ఫోన్‌కి మెసేజ్ వచ్చింది. ఆ సంబంధిత శాఖ ఏదో ఇంతవరకు నాకెవరూ చెప్పలేదు. అందుకే నలుగురూ చదివేలా మీకే రాస్తున్నాను.

మా పాపకి ఇరవై రెండు నెలలు. దాన్ని వదిలే డే కేర్‌లో మాకు చెప్పకుండా, మమ్మల్ని అడగకుండా మధ్యాహ్నం పూట సిరప్ పోశారు. జలుబు లేదు, దగ్గు లేదు, జ్వరం లేదు. పడుకోవాలని పోశారు. ఎన్నాళ్ళ నుంచి పోశారో నాకు తెలియదు. "బాగా ఏడ్చిన రోజుల్లోనే" అన్నారు డే కేర్ నడిపే మేడం. మా పాప ఆగస్టు నుంచి అక్కడ రోజూ రెండున్నర గంటలు పడుకుంటోంది. అంతకుముందు ఇంట్లో ఎప్పుడూ ముప్పావు గంటకి మించి పడుకున్న పిల్ల కాదు. నాకు అనుమానం రావాల్సింది, రాలేదు. సంతోషపడ్డాను. "మీ పాప బంగారమండీ, అసలు సతాయించదు" అని సాయంత్రం ఆయమ్మ చెప్తుంటే, ఆఫీసులో పడ్డ మాటలన్నీ అక్కడే మర్చిపోయేదాన్ని. దసరాకి ఆమెకి చీర పెట్టాను మంత్రి గారూ. నా బిడ్డను చక్కగా నిద్రపుచ్చుతోందని బొట్టు పెట్టి, చీర చేతికిచ్చి దండం పెట్టాను.

సెప్టెంబర్‌లో పాపకి నిజంగానే జలుబు చేసింది. డాక్టర్ రాసిచ్చిన మందు రాత్రి పూట నేనూ పోశాను. పగలు అక్కడ ఏం పోశారో నాకేం తెలుసు? మర్నాడు తొమ్మిదిన్నర దాకా లేవలేదు. తడిగుడ్డతో మొహం తుడిస్తే కళ్ళు తెరిచి మళ్ళీ మూసుకుంది. ఇప్పుడు ఆ పొద్దు తలుచుకుంటే నా చేతులు వణుకుతాయి.

నవంబర్ రెండో వారంలో ఒక గురువారం ఆఫీసులో సిస్టమ్స్ పనిచేయక మమ్మల్ని ముందే పంపేశారు. పన్నెండున్నరకి డే కేర్ దగ్గరికి వెళ్ళాను. పిల్లలు పడుకున్నారు, కాసేపాగి రమ్మన్నారు. నేను ఆగకుండా లోపలికి వెళ్ళాను. కర్టెన్లు వేసిన గది, వరసగా పరుపులు, పదకొండు మంది పిల్లలు. ఆయమ్మ గోడకి ఆనుకుని కూర్చుని ఒక బాబుని ఒళ్ళో అడ్డంగా పడుకోబెట్టుకుంది. ఒక చేత్తో వాడి ముక్కు నొక్కి పట్టింది, ఇంకో చేత్తో సీసా మూతలో ఉన్నది నోట్లో వంచింది. వాడు మింగాక ఆ మూతని పక్కనున్న స్టీలు గ్లాసు నీళ్ళలో ముంచి, కొంగుతో తుడిచి, మళ్ళీ సీసా వంచింది. తర్వాతి పిల్ల అప్పటికే ఆమె ముందుకొచ్చి నోరు తెరిచి నిలబడింది. ఏడవలేదు, పెనుగులాడలేదు. అలవాటైపోయింది.

మా పాప అప్పటికే పడుకుని ఉంది. ఎత్తుకుంటే తల భుజం మీద నిలవక వెనక్కి వాలిపోయింది. గౌను మెడ దగ్గర నారింజ రంగు మరక, జిగటగా ఉంది. ఆ మరకని మూడు నెలలుగా నేనే ఉతుకుతున్నాను, అన్నంలో క్యారెట్ అనుకుని.

"జలుబు మందేనమ్మా, ఏం గాదు. అందరికి సగం మూతే పోస్త. మేడం పొయ్యమంటెనే పోస్తున్న" అంది ఆయమ్మ. ఆ సీసా లాక్కుని పాపతో పాటు నేరుగా పిల్లల డాక్టర్ దగ్గరికి వెళ్ళాను. ఆయన సీసా తిప్పి, లేబుల్ మీద చీమ తలకాయలంత అక్షరాల్లో ఉన్న ఒక వాక్యం చూపించారు. నాలుగేళ్ళ లోపు పిల్లలకు వాడరాదని. అందులో ఉన్నవి క్లోర్‌ఫెనిరమిన్, ఫినైల్‌ఎఫ్రిన్. ఈ రెండూ కలిసిన మందు మీద ఆ హెచ్చరిక వేయాలని కేంద్ర ఔషధ నియంత్రణ సంస్థ 2023 డిసెంబర్‌లోనే కంపెనీలకు చెప్పిందట. కంపెనీ వేసింది, ఆ గదిలో చదివేవాళ్ళు లేరు. క్లోర్‌ఫెనిరమిన్‌కి మత్తు వస్తుంది, వీళ్ళు పోసేది ఆ మత్తు కోసమేనన్నారు డాక్టర్. మోతాదు ఎక్కువైతే పసిపిల్లలకి ఊపిరి కూడా మందగించవచ్చన్నారు. ఆ ఒక్క మాట తర్వాత ఆయన ఇంకేం చెప్పారో నాకు సరిగ్గా గుర్తు లేదు.

2025 అక్టోబర్ మీకు గుర్తుండే ఉంటుంది. మధ్యప్రదేశ్‌లో ఛింద్వాడా పిల్లలు దగ్గు మందు తాగి కిడ్నీలు పాడై చనిపోయారు. రెండేళ్ళ లోపు పిల్లలకు దగ్గు, జలుబు మందులు రాయొద్దని, ఐదేళ్ళ లోపు వాళ్ళకి మామూలుగా వాడొద్దని కేంద్ర ఆరోగ్య శాఖ చెప్పింది. ఆ సిరప్ వాడొద్దని మన రాష్ట్రంలోనూ హెచ్చరిక ఇచ్చారు. టీవీలో ఆ తల్లుల్ని చూసి ఆ రాత్రే మా ఇంట్లో ఉన్న రెండు సీసాలు సింకులో పారబోశాను. మర్నాడు పొద్దున తొమ్మిదికి యథాప్రకారం పాపని తీసుకెళ్ళి అక్కడ దింపాను.

మేడంని అడిగితే ఫారం తీసి చూపించారు. ఇంగ్లీషులో ఆరు పేజీలు. నాలుగో పేజీలో "అవసరమైనప్పుడు ప్రథమ చికిత్స చేయడానికి అంగీకరిస్తున్నాను" అని ఉంది, కింద నా సంతకం ఉంది. పిల్ల కింద పడి దెబ్బ తగిలితే దూది పెట్టమని చేసిన సంతకం అది. ఏడిస్తే మత్తు పెట్టమని కాదు.

ఇక ఆఫీసుల చుట్టూ తిరగడం. ఒకచోట, అంగన్‌వాడీలైతే మావి, ప్రైవేటు డే కేర్ మా కిందికి రాదన్నారు. ఇంకోచోట, మూడేళ్ళు నిండితేనే ప్లే స్కూల్ లెక్కలోకి వస్తుందన్నారు. మరోచోట, మేం షాపుకి లైసెన్స్ ఇచ్చినట్టే ఇచ్చాం, లోపల పిల్లలకి ఏం పెడతారో చూడటం మా పని కాదన్నారు. స్టేషన్‌లో, పాప ఇప్పుడు బాగానే ఉంది కదా అన్నారు. ఒక పెద్ద మనిషి కళ్ళజోడు తీసి, "ఇంట్లో పెద్దవాళ్ళు లేరా అమ్మా? ఇంత పసిదాన్ని వదిలి ఉద్యోగం అంత అవసరమా?" అని అడిగారు. మా అత్తగారు ఖమ్మం దగ్గర ఊళ్ళో మంచానపడ్డ మామగారిని చూసుకుంటున్నారు. మా అమ్మ లేదు. ఇదంతా నేను ఆయనకి సంజాయిషీ చెప్పుకోవాలా మంత్రి గారూ? చెప్పాను. కన్నీళ్ళు ఆపుకుని చెప్పాను, అర్జీ మీద సంతకం పెడతారేమోనని.

చట్టం లేదనలేరు. జువైనల్ జస్టిస్ చట్టం 75వ సెక్షన్ ప్రకారం, పిల్లల సంరక్షణ అప్పగించిన సంస్థలో పనిచేసేవాళ్ళు గానీ దాన్ని నడిపేవాళ్ళు గానీ పిల్లల పట్ల క్రూరంగా ప్రవర్తిస్తే ఐదేళ్ళ దాకా కఠిన జైలు, ఐదు లక్షల దాకా జరిమానా ఉంది. 2017లో ప్రసూతి చట్టం సవరించి, యాభై మంది, ఆపైన పనిచేసే చోట క్రెష్, అంటే ఉద్యోగుల పిల్లల్ని చూసుకునే చోటు, ఉండాలన్నారు. మా కంపెనీ ఈ డే కేర్‌తో ఒప్పందం చేసుకుని ఆ బాధ్యత తీరిందనుకుంది. క్రెష్ ఉండాలని చట్టం చెప్పింది సరే, ఆ గది తలుపు తీసి చూసేవాళ్ళెవరు? నా నాలుగు అర్జీల్లో అడిగింది ఈ ఒక్కటే.

ఒక్క చర్య మాత్రం జరిగింది. ఆయమ్మని పనిలోంచి తీసేశారు. ఆమె మీద నాకు కోపం లేదనను. నా బిడ్డ ముక్కు కూడా అలాగే నొక్కి ఉంటుంది. కానీ పదకొండు మంది పసిపిల్లల్ని ఒక్కత్తే చూసుకునేది, వాళ్ళ ముడ్లు కడిగేది, గిన్నెలు తోమేది, నెలకి తొమ్మిది వేలకి. ఆ సీసా కొన్నది ఆమె కాదు. కొన్నవాళ్ళు అలాగే ఉన్నారు, డే కేర్ అలాగే నడుస్తోంది, బోర్డు మీద బొమ్మలకి కొత్త రంగులు కూడా వేశారు.

దయచేసి ప్రతి ప్రైవేటు డే కేర్‌ని మీ శాఖ కిందికి తీసుకురండి. ఏ మందైనా సరే, డాక్టర్ చీటీ, తల్లో తండ్రో ఆ రోజు రాసిచ్చిన కాగితం లేకుండా పిల్ల నోట్లో పడకూడదని స్పష్టంగా జీవో ఇవ్వండి. పోసిన మందు, పోసిన టైము, పోసిన మనిషి పేరు రాసే పుస్తకం ఉండాలి, సాయంత్రం అది మాకు చూపించాలి. ఒక్కో ఆయమ్మ ఎంతమంది పిల్లల్ని చూసుకోవాలో లెక్క ఉండాలి. ఇంకా ఏం కావాలో మీ అధికారులకి నాకన్నా బాగా తెలుసు. కనీసం నా అర్జీ ఎవరి బల్ల మీద ఉందో చెప్పించండి.

మిగతా పిల్లల తల్లుల్లో నా దగ్గర నంబర్ ఉన్నవాళ్ళకి ఫోన్ చేశాను. ఇద్దరు ఏడ్చారు. ఒకావిడ, "నాకు తెలుసండీ, కానీ సోమవారం నుంచి ఎక్కడ వదలను?" అంది. ఆమె బాబు ఇప్పటికీ అక్కడికే వెళ్తున్నాడు. ఆ రోజు నేను చూసిన ఒళ్ళో బాబు వాడే.

ముందుగా చెప్పకుండా, కాన్వాయ్ లేకుండా, ఏదో ఒక డే కేర్‌కి మధ్యాహ్నం పన్నెండున్నరకి వెళ్ళండి. కర్టెన్ తీయించి, ఒక పిల్లని ఎత్తుకుని లేపి చూడండి.

ఇట్లు,
ఒక తల్లి,
కూకట్‌పల్లి, హైదరాబాద్